మీట నొక్కాక జరిగే కథ

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, సెక్యూర్ బూట్, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచి వచ్చిన ప్రాసెసర్ ఉండాలి. ఈ జాబితాకు అందని ల్యాప్‌టాప్‌లు పాడైపోలేదు. తెర వెలుగుతుంది, కీబోర్డు పలుకుతుంది, ఎస్‌ఎస్‌డీ వేస్తే పరుగెడతాయి కూడా. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ బజారులో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనుక్కునే విద్యార్థికి ఆ జాబితా ఒక సుంకం లాంటిది. అందుకే చాలామంది పెన్‌డ్రైవ్ పట్టుకుని లినక్స్ ఎక్కించడానికో, తనిఖీని తప్పించి విండోస్ 11 ఎక్కించడానికో కూర్చుంటారు. కూర్చున్న కాసేపటికే నల్లతెర మీద తెల్లటి అక్షరాలు ప్రత్యక్షం: 'నో బూటబుల్ డివైస్'.

చాలామంది దాన్ని చూసి డిస్కు పోయిందనుకుంటారు. మిషన్ పాతదైపోయింది, ఇక లాభం లేదనే వాళ్లూ ఉన్నారు. రెండూ తొందరపాటే. ఆ మాట ఎవరు అంటున్నారో, ఎప్పుడు అంటున్నారో తెలిస్తే జబ్బు సగం దొరికినట్టే. అది తెలియాలంటే బూట్ అనే ఏర్పాటు పుట్టుక నుంచి రావాలి.

ప్రాసెసర్‌కు కరెంటు అందిన మొదటి క్షణంలో దానికి లోకం తెలియదు. డిస్కు ఎక్కడుందో, మెమరీ ఎంతుందో తెలియదు. ఫలానా చిరునామాలో ఉన్న ఆదేశాన్ని చదవాలన్నది ఒక్కటే తెలుసు. 1978లో వచ్చిన ఇంటెల్ 8086లో ఆ చిరునామా, చిప్ చూడగల మెమరీ చివరి హద్దుకు 16 బైట్ల ముందు ఉండేది. అంత ఇరుకులో పట్టేది 'ఫలానా చోటికి దూకు' అనే ముక్కే. దూకిన చోట మదర్‌బోర్డు చిప్‌లో రాసి ఉంచిన ప్రోగ్రాం ఉంటుంది. దాన్నే ఫర్మ్‌వేర్ అంటారు. అది పరికరాలను తడిమి చూసి, డిస్కులోంచి ఒక చిన్న ప్రోగ్రాంను తెచ్చి పగ్గాలు అప్పగిస్తుంది. ఆ చిన్నది బూట్‌లోడర్‌ను, బూట్‌లోడర్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నెల్‌ను పిలుస్తాయి. పూర్వపు అంచె తపాలాలో ఒకడు పరుగున వచ్చి సంచిని తరువాతి మజిలీ వాడి చేతిలో పెట్టి వెనుదిరిగేవాడు. అప్పగించాక ఉత్తరం చేరిందో లేదో వాడికి తెలియదు. బూట్‌లోనూ అంతే: తెర మీద కనబడే ఫిర్యాదు చివరగా సంచి మోసినవాడిది.

మన కథకు మూలపురుషుడు గ్యారీ కిల్డాల్. కాలిఫోర్నియాలోని నౌకాదళ విద్యాసంస్థలో పాఠాలు చెబుతూ 1970ల్లో ఆయన సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్ రాశాడు. అప్పట్లో ప్రతి కంపెనీ కంప్యూటర్ ఒక్కో రకంగా ఉండేది. మిషన్‌ను బట్టి మారే భాగాన్నంతా ఒక చిన్న మూటగా కట్టి, మిగతా సిస్టమ్‌ను ఎక్కడైనా ఒకేలా నడిచేట్టు చేశాడు కిల్డాల్. ఆ మూటే బయాస్. 1981 ఆగస్టు 12న ఐబీఎం తన పీసీని విడుదల చేసినప్పుడు బయాస్‌ను 8 కిలోబైట్లలో చిప్‌లోకి ఎక్కించింది. దాని ప్రోగ్రాం మొత్తాన్ని సాంకేతిక పుస్తకంలో అచ్చు వేసింది కూడా. అచ్చు వేసింది నేర్చుకోవడానికే తప్ప కాపీ కొట్టడానికి కాదు, కాపీహక్కు ఐబీఎందే. కాంపాక్ కంపెనీ దీనికో దారి వెతికింది. బయాస్ ఏ పని చేస్తుందో ఒక బృందం రాసిపెట్టింది. అసలు ప్రోగ్రాం ఎన్నడూ చూడని మరో బృందం ఆ వివరణను బట్టి కొత్తగా రాసింది. 1984లో ఫీనిక్స్ కంపెనీ ఇదే పద్ధతిలో బయాస్ తయారుచేసి అందరికీ అమ్మడం మొదలుపెట్టింది. నేటి ల్యాప్‌టాప్‌ల వంశవృక్షం అక్కడ కొమ్మలేసింది.

ఇక్కడో చిన్న విషయం. మొదటి ఐబీఎం పీసీలో డిస్కు దొరక్కపోతే 'నో బూటబుల్ డివైస్' వచ్చేది కాదు. చిప్‌లోనే ఉన్న బేసిక్ భాష తెరుచుకునేది, కూర్చుని ప్రోగ్రాం రాసుకోవచ్చు. నకలు మిషన్లలో ఆ బేసిక్ లేదు. అందుకని వాటిలో కొన్ని 'నో రోమ్ బేసిక్, సిస్టమ్ హాల్టెడ్' అని చెప్పి చేతులెత్తేసేవి. నేడు మనల్ని బెదిరించే సందేశానికి పూర్వీకురాలు అదే. సందేశాలు ఆనాటి నుంచి పెద్దగా మెరుగుపడలేదని నా అభిప్రాయం.

1983లో ఐబీఎం 10 మెగాబైట్ల హార్డ్‌డిస్కుతో పీసీ ఎక్స్‌టీ తెచ్చింది. డిస్కులో మొట్టమొదటి 512 బైట్ల గడిని బయాస్ చదివి, అందులో ఉన్నదాన్ని నడిపేది. ఆ 512లో 446 బైట్లు ప్రోగ్రాంకు, 64 బైట్లు డిస్కు విభజన పట్టికకు, చివరి రెండు బైట్లు 'ఇది బూట్ గడి' అని చెప్పే ముద్రకు. దీనికే ఎంబీఆర్ అని పేరు. పట్టికలో నాలుగు విభాగాలకే చోటు. చిరునామాకు 32 బిట్లే కేటాయించడంతో డిస్కు రెండు టెరాబైట్లు దాటితే ఆపై భాగం లెక్కకందదు. 10 మెగాబైట్లు చూసి మురిసిన రోజుల్లో అది అనంతంగా కనిపించి ఉంటుంది.

ఈ ఇరుకుతో విసిగింది ఇంటెల్. 1990ల చివర ఐటేనియం అనే భారీ సర్వర్ చిప్ తయారుచేస్తూ, దానికి ఇరవై ఏళ్ల నాటి బయాస్ తగదని కొత్త ఫర్మ్‌వేర్ మొదలుపెట్టింది. అదే ఈఎఫ్ఐ. ఐటేనియం బజారులో నిలవలేదు. దాని కోసం పుట్టిన ఈఎఫ్ఐ మాత్రం 2005లో పలు కంపెనీల ఉమ్మడి ప్రమాణంగా, యూఈఎఫ్ఐ పేరుతో, నేడు మన ఒళ్లో ఉన్న దాదాపు ప్రతి ల్యాప్‌టాప్‌లోకి వచ్చింది. ఇది బయాస్‌లా మొదటి గడిని గుడ్డిగా నడపదు. డిస్కులో ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న చిన్న విభాగాన్ని తెరిచి, ఫోల్డర్లలోంచి పేరు పెట్టి ఒక ఫైలును ఎంచుకుంటుంది. ఏ ఫైలును ఏ వరుసలో ప్రయత్నించాలన్న జాబితాను మదర్‌బోర్డు చిప్‌లో దాచుకుంటుంది.

రెండు తరాల మధ్య ఘర్షణ ఎలా ఉంటుందో 2006లో ప్రపంచమంతా చూసింది. ఆ జనవరిలో యాపిల్ ఇంటెల్ చిప్‌లతో మ్యాక్‌లు తెచ్చింది. లోపల ఉన్నది మామూలు పీసీ ప్రాసెసరే, అయినా విండోస్ ఎక్స్‌పీ ఎక్కదు. ఎందుకంటే మ్యాక్‌లో ఈఎఫ్ఐ ఒక్కటే ఉంది. ఎక్స్‌పీకి బయాస్ భాష తప్ప మరొకటి రాదు. తెర మీద మొదటి అక్షరం వేయడానికి కూడా అది బయాస్‌నే అడిగేది. ఎక్స్‌పీని నడిపి చూపినవారికి బహుమతి అంటూ ఒక పోటీ మొదలైంది. చందాలు పోగై మొత్తం 13 వేల డాలర్లు దాటింది. మార్చిలో ఇద్దరు ఔత్సాహికులు గెలిచారు. ఎక్స్‌పీ అడిగే ప్రశ్నలకు బయాస్ గొంతుతో జవాబిచ్చే పొరను ఈఎఫ్ఐ మీద పరచడమే వాళ్ల ఉపాయం. ఏప్రిల్ 5న యాపిల్ స్వయంగా బూట్ క్యాంప్ విడుదల చేసి, ఫర్మ్‌వేర్ నవీకరణతో బయాస్ వేషం వేసే భాగాన్ని అధికారికంగా చేర్చింది. మార్చి దాకా నడవనిది ఏప్రిల్ కల్లా నడిచింది. మిషన్‌లో ఒక్క స్క్రూ మారలేదు.

అందుకే 'మద్దతు లేదు' అన్న మాటను 'నడవదు' అని చదవకూడదంటాను. తయారీదారు పరీక్షించలేదని, బాధ్యత తీసుకోడని దాని అర్థం. నిజంగా నడవని సందర్భాలూ ఉన్నాయి, కాదనను. విండోస్ 11లో 2024 నాటి 24హెచ్2 రూపం ఎస్ఎస్ఈ 4.2 వర్గపు ఆదేశాలను ప్రాసెసర్‌లోనే అడుగుతుంది. పాత కోర్ 2 డ్యూయోలో అవి లేవు. టీపీఎం తనిఖీని తప్పించే చిట్కాలు ఇక్కడ పనిచేయవు. లేని ఆదేశాన్ని ఏ రిజిస్ట్రీ మార్పూ పుట్టించలేదు.

ఇప్పుడు నల్లతెర ముందుకు వద్దాం. సంచి ఏ మజిలీలో జారిందో చూడాలి. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరే కనిపించడం లేదంటే సంచి ఇంకా ఫర్మ్‌వేర్ చేతిలోనే ఉంది. పెన్‌డ్రైవ్‌ను పాత బయాస్ పద్ధతిలో తయారుచేసి ఉంటారు, ల్యాప్‌టాప్ యూఈఎఫ్ఐ పద్ధతిలో చూస్తుంది. లేదా అటుది ఇటు. విండోస్ ఫైళ్లలో ఒకటి నాలుగు గిగాబైట్లు దాటితే ఫ్యాట్32లో పట్టదు. అది చూసి ఎన్‌టీఎఫ్ఎస్‌లోకి మార్చేస్తే కొన్ని ఫర్మ్‌వేర్లు దాన్ని చదవలేవు. రూఫస్ వంటి ఉచిత పనిముట్టు ఈ చిక్కును తానే విప్పుతుంది. 2013లో వచ్చిన ఆసుస్ టీ100 వంటి చౌక యంత్రాలది ఇంకా విచిత్రం. ప్రాసెసర్ 64 బిట్లది, ఫర్మ్‌వేర్ 32 బిట్లది. అప్పటి 64 బిట్ల లినక్స్ పెన్‌డ్రైవ్‌లో 32 బిట్ల బూట్ ఫైలు ఉండేది కాదు కాబట్టి ఫర్మ్‌వేర్ దాన్ని చూసీ చూడనట్టు వదిలేసేది. డెబియన్ లినక్స్ 2015లో రెండింటినీ కలిపిన ఇన్‌స్టాలర్ ఇచ్చింది.

పెన్‌డ్రైవ్ కనిపించి, ఎంచుకోగానే భద్రతా ఉల్లంఘన అని వస్తే అది సెక్యూర్ బూట్. 2012లో విండోస్ 8తో ఇంటింటికీ వచ్చిన ఏర్పాటు ఇది: నమ్మిన సంతకం లేని బూట్ ఫైలును ఫర్మ్‌వేర్ నడపదు. దాదాపు పీసీలన్నిటా ఉన్నది మైక్రోసాఫ్ట్ తాళంచెవి కనుక లినక్స్ వాళ్లు ఇరుకున పడ్డారు. లినక్స్ డెవలపర్ మ్యాథ్యూ గ్యారెట్ రాసిన 'షిమ్' అనే చిన్న ప్రోగ్రాం మైక్రోసాఫ్ట్ సంతకం తీసుకుని, లోపల లినక్స్ సంస్థల సంతకాలను గుర్తిస్తుంది. ఈ రాజీ ఇప్పటికీ నడుస్తోంది, అప్పుడప్పుడు తెగుతోంది కూడా. 2024 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ఒక నవీకరణ పాత షిమ్‌లను నిషేధించడంతో, విండోస్ పక్కనే లినక్స్ ఉన్న ఎన్నో మిషన్లలో లినక్స్ లేవలేదు.

ఇన్‌స్టాలర్ హాయిగా తెరుచుకుని, డిస్కుల జాబితా మాత్రం ఖాళీగా ఉంటే? డిస్కును ఇంటెల్ రెయిడ్ లేదా వీఎండీ పొర వెనక దాచి ఉంటారు. 2016లో లెనోవో యోగా 900లో ఆ పొరను తీసే వీలే ఇవ్వకపోవడంతో లినక్స్ వాడుకర్లు గట్టిగా నిలదీశారు. తరువాత కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్ ఇచ్చింది. మామూలుగా ఫర్మ్‌వేర్ సెటప్‌లో ఏహెచ్‌సీఐ అనే సాధారణ డిస్కు పద్ధతికి మార్చితే డిస్కు కనబడుతుంది. ఉన్న విండోస్‌ను సేఫ్ మోడ్‌కు సిద్ధం చేయకుండా మార్చితే మాత్రం అది నీలితెర చూపి కూలబడుతుంది.

అన్నిటికంటే విసుగు పుట్టించేది, ఎక్కించడం పూర్తయ్యాక, పెన్‌డ్రైవ్ తీయగానే వచ్చే 'నో బూటబుల్ డివైస్'. కొత్త సిస్టమ్ తన పేరును ఫర్మ్‌వేర్ జాబితాలో రాసింది, ఫర్మ్‌వేర్ దాన్ని లెక్కచేయలేదు. 2012లో లెనోవో డెస్క్‌టాప్ ఒకటి, థింక్‌సెంటర్ ఎం92పీ, 'విండోస్ బూట్ మేనేజర్' అనో 'రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్' అనో పేరుంటేనే లేచేది. ఫెడోరా లినక్స్ అంటే మొహం తిప్పుకునేది. పేరును అక్షరం అక్షరం పోల్చి చూసే ఫర్మ్‌వేర్ రాసినవాళ్లను ఏమనాలి! దీనికి మందు సులభం: బూట్ ఫోల్డర్‌లో అందరికీ ఉమ్మడిగా కేటాయించిన, ఏ ఫర్మ్‌వేర్ అయినా చివరగా వెతికే పేరుతో బూట్‌లోడర్ నకలు ఒకటి ఉంచడం. చాలా ఇన్‌స్టాలర్లలో దీనికి ఒక ఎంపిక ఉంటుంది.

కెర్నెల్ వరుసలు గబగబా కదిలి తెర చీకటైతే మాత్రం బూట్ గెలిచినట్టే. అక్కడ తప్పు గ్రాఫిక్స్ డ్రైవర్‌ది. బూట్‌లోడర్ ఆదేశంలో నోమోడ్‌సెట్ అనే మాట చేర్చి లేపి చూడాలి. ఈ దశలో డిస్కును మళ్లీ చెరిపి మొదటికి రావడం వృథా శ్రమ, అయినా ఎక్కువమంది చేసేది అదే.

ప్రయోగం మిషన్‌నే చంపేసిన సందర్భమూ చెప్పాలి. 2013 జనవరిలో కొన్ని శాంసంగ్ ల్యాప్‌టాప్‌లు లినక్స్ వేయగానే పూర్తిగా మూగబోయాయి. మొదట నేరం లినక్స్ డ్రైవర్ మీద పడింది. తరువాత తేలిందేమంటే, ఫర్మ్‌వేర్ తన సొంత నిల్వ నిండిపోతే లేవలేదు. విండోస్ నుంచి నింపినా అదే గతి. లోపం ఫర్మ్‌వేర్‌లోనే ఉంది, బయటపెట్టింది మాత్రం కొత్త సిస్టమ్.

మీరూ పెన్‌డ్రైవ్ పట్టుకుని కూర్చోబోతుంటే నాదొక మనవి. సెటప్‌లో ఏది మార్చినా ముందు ఫొటో తీసుకోండి, ఒకసారి ఒకటే మార్చండి. లైవ్ పద్ధతిలో పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, టచ్‌ప్యాడ్, డిస్కు పలుకుతున్నాయో చూశాకే చెరపండి. ఇప్పుడున్న విండోస్‌లో బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో తప్పక చూడండి. ఉంటే సెక్యూర్ బూట్‌ను తాకగానే అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కీ లేకపోతే ఆ డిస్కులోని ఫైళ్లను ఏ మెకానిక్కూ తెరవలేడు. ఆ కీని ముందే కాగితం మీద రాసి దాచుకోండి.