ఇంటర్వ్యూ బెరుకు పోవాలంటే

ఇంటర్వ్యూ గది ముందు గుండె దడ, అరచేతుల్లో చెమట, నోరు ఎండిపోవడం సహజం. శరీరంలో అడ్రినలిన్ విడుదలవడం వల్ల ఇలా జరుగుతుంది. ఇది అసమర్థతకు గుర్తు కాదు. ఊపిరిని నిదానంగా, ఎక్కువసేపు వదిలితే గుండె వేగం తగ్గుతుంది. ‘భయంగా ఉంది’ అనుకోకుండా ‘ఉత్సాహంగా ఉంది’ అనుకున్నవారు మెరుగ్గా మాట్లాడారని హార్వర్డ్ పరిశోధకురాలు అలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది.

అసలు మందు సాధనే. ‘మీ గురించి చెప్పండి’ అన్న ప్రశ్నకు చదువు, చేసిన ప్రాజెక్టు, ఆ ఉద్యోగంపై ఆసక్తి కలిపి క్లుప్తంగా జవాబు సిద్ధం చేసుకోవాలి. దాన్ని బట్టీ పట్టకుండా స్నేహితుల ముందు పైకి చెప్పి చూడాలి. తెలుగు మీడియంలో చదివినవారు చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో మాట్లాడితే తడబాటు తగ్గుతుంది. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగవచ్చు. జవాబు తెలియనప్పుడు ఆ మాటే మర్యాదగా చెప్పడం మేలు.