లెక్కకు అందని ఆటిజం

అమెరికాలో 31 మంది పిల్లల్లో ఒకరు. మన దేశంలో సుమారు నూటికి ఒకరు. 2011 జనగణనలో మాత్రం ఆటిజానికి గడే లేదు.

2000లో ప్రతి 150 మంది ఎనిమిదేళ్ల పిల్లల్లో ఒకరు. 2010లో 68 మందిలో ఒకరు. 2022లో 31 మందిలో ఒకరు. ఆటిజంపై అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ ప్రకటించిన ఈ అంకెలు చూస్తే ఏ తల్లిదండ్రులకైనా గుండె గుభేలుమంటుంది. కొత్త అంకె వెలువడినప్పుడల్లా 'మహమ్మారి' అనే మాట వినిపిస్తుంది. ఎవరికి తోచిన దోషిని వారు బోనెక్కిస్తారు. వాటిలో టీకాలది మొదటి స్థానం. ఆ అనుమానానికి బీజం వేసిన 1998 నాటి పరిశోధన పత్రాన్ని ప్రచురించిన లాన్సెట్ పత్రికే 2010లో ఉపసంహరించుకున్నా, అనుమానం మాత్రం పోలేదు.

నిజానికి ఆ అంకెల్లోనే మరో కథ ఉంది. 2022 లెక్కల ప్రకారం టెక్సాస్‌లోని లారెడోలో వెయ్యి మంది పిల్లల్లో 9.7 మందికి ఆటిజం ఉంటే, కాలిఫోర్నియా కేంద్రంలో 53.1 మందికి ఉంది. ఒకే దేశంలో, ఒకే వయసు పిల్లల మధ్య అయిదు రెట్లకు పైగా తేడా ఎందుకు? సీడీసీ ప్రతి పిల్లవాడినీ స్వయంగా పరీక్షించదు. ఆస్పత్రులు, పాఠశాలల్లో ఉన్న రికార్డులను తిరగేస్తుంది. నిపుణులు ఉన్న చోట రికార్డులు ఉంటాయి, రికార్డులు ఉన్న చోట అంకె పెరుగుతుంది. దక్షిణ కొరియాలోని గోయాంగ్ నగరంలో పరిశోధకులు 7-12 ఏళ్ల పిల్లలను జల్లెడ పట్టి 2011లో తేల్చిన అంకె 2.64 శాతం. వారిలో సుమారు మూడింట రెండొంతుల మంది మామూలు బడుల్లో, ఏ నిర్ధారణా లేకుండా చదువుకుంటున్నవారే.

ఆటిజం నిర్వచనం కూడా పాతది కాదు. 1943లో లియో కానర్ దీన్ని తొలిసారి వర్ణించింది 11 మంది పిల్లలను చూసి. 1966లో ఇంగ్లండ్‌లోని మిడిల్‌సెక్స్‌లో విక్టర్ లాటర్ తేల్చిన లెక్క పది వేలకు 4.5. ఆ తర్వాత లండన్‌లోని కాంబర్‌వెల్ పిల్లలను పరిశీలించిన లోర్నా వింగ్, జుడిత్ గౌల్డ్ 1979లో వెలువరించిన అధ్యయనం ఈ ఇరుకు నిర్వచనాన్ని బద్దలు కొట్టింది. 'స్పెక్ట్రం' భావనకు దారి వేసింది అదే. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం ఆస్పర్జర్స్‌ను కూడా ఇందులోనే కలిపేసింది.

ఫలితంగా జీవితమంతా ఒక్క మాటా పలకకుండా, రోజంతా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సిన వ్యక్తికీ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ క్యాంటీన్ రొదకు అల్లాడిపోయే వ్యక్తికీ ఇప్పుడు ఒకటే పేరు. మొదటి కోవకు చెందినవారి అవసరాలు మరుగున పడుతున్నాయన్న ఆందోళనతోనే 2021లో లాన్సెట్ కమిషన్ 'తీవ్ర ఆటిజం' అని విడిగా ఒక పేరు ప్రతిపాదించింది. ఆటిజం ఉన్న అమెరికా పిల్లల్లో వీరు 26.7 శాతమని 2023లో సీడీసీ అధ్యయనం తేల్చింది.

మన దేశంలో సమస్య ఇందుకు పూర్తి భిన్నం. ఇక్కడ తిరగేయడానికి రికార్డులే తక్కువ. పల్వల్, కాంగ్డా, ఢెంకనాల్, ఉత్తర గోవా, హైదరాబాద్‌లలో 2-9 ఏళ్ల పిల్లలు దాదాపు 4,000 మందిని పరీక్షించి, 2018లో ప్రచురించిన అధ్యయనంలో ఆటిజం సుమారు నూటికి ఒకరిలో కనిపించింది. 2011 జనగణన మాత్రం 2.68 కోట్ల వికలాంగులను ఎనిమిది వర్గాలుగా విడదీసింది. వాటిలో ఆటిజం లేదు. ఆ పిల్లలు 'బుద్ధిమాంద్యం'లోనో 'ఇతరాల'లోనో కలిసిపోయారు, లేదా అసలు లెక్కలోకే రాలేదు.

చట్టం కూడా ఆలస్యంగానే మేల్కొంది. 1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం చోటిచ్చింది. 2016 చట్టం 21 వైకల్యాల జాబితాలో చేర్చి, ప్రభుత్వ ఉద్యోగాల్లో వికలాంగులకిచ్చే 4 శాతం రిజర్వేషన్‌లో ఒక శాతాన్ని ఆటిజం, మేధో వైకల్యం, మానసిక వ్యాధి వంటి వాటికి ఉమ్మడిగా కేటాయించింది. అయితే ఆ తలుపు తెరుచుకోవాలంటే కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ కావాలి. అందుకు వాడే భారతీయ కొలబద్ద ఐశా రూపకల్పనలో సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థది కీలక పాత్ర. 40 అంశాలు, ఒక్కో దానికి ఒకటి నుంచి అయిదు మార్కులు. మొత్తం 70కి చేరకపోతే ఆటిజం లేనట్టే. ఇబ్బందులను దాచుకుని నెట్టుకురావడం నేర్చుకున్న వారు, ముఖ్యంగా అమ్మాయిలు, ఇలాంటి గీతకు ఇవతలే ఆగిపోయే ప్రమాదం ఉంది.

2016 చట్టం వచ్చాక జరిగే తొలి జనగణన 2027 నాటిదే. ఫారంలో ఆటిజానికి విడిగా ఒక గడి ఉండటం ఎంత అవసరమో, ఆ గడి ఒక్కటే చాలదన్నదీ అంతే నిజం. ఆ పేరే ఎన్నడూ వినని తల్లి ఎన్యూమరేటర్‌కు ఏమని చెబుతుంది? పిల్లల్లో ఎదుగుదల లోపాలను ముందే పసిగట్టేందుకు 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు ప్రతి అంగన్‌వాడీలో, ప్రతి సర్కారు బడిలో ఆ పని శ్రద్ధగా చేస్తేనే ఆమె దగ్గర సమాధానం ఉంటుంది. అప్పుడు మన అంకె కూడా పెరుగుతుంది. దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు. ఇన్నాళ్లూ కనిపించని పిల్లలు కనిపిస్తున్నారని దాని అర్థం.