కేటలాగ్ లేకున్నా... ఫొటోలు పదిలం!

పెళ్లయిన మర్నాటికే కంప్యూటర్‌లో రెండు వేల ఫొటోలు చేరతాయి. వాటిని సర్దేదెలా, దిద్దేదెలా?

2007లో వచ్చిన అడోబ్ లైట్‌రూమ్ ఇందుకు కేటలాగ్ పద్ధతి పెట్టింది. ఏ ఫొటో ఎక్కడుంది, వెలుగు ఎంత పెంచాం... అన్నీ అందులో నమోదవుతాయి. ఫొటోలుండేది మాత్రం మన ఫోల్డర్‌లోనే. ఆ ఫోల్డర్‌ని మనం వేరేచోటికి జరిపామా, కేటలాగ్ వాటిని వెతుక్కోలేదు. మార్పుల్ని విడిగా దాచుకోకుండా ఆ కేటలాగే పాడైతే దిద్దిన శ్రమంతా వృథా!

ఇంటి ఫొటోలకి ఇంత హంగామా అక్కర్లేదు. రాథెరపీలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ నేరుగా ఫోల్డర్‌నే తెరుస్తుంది. మనం చేసిన మార్పుల్ని ఫొటో పక్కనే చిన్న ఫైల్‌గా రాసిపెడుతుంది. అసలు ఫొటో చెక్కుచెదరదు. ఫోల్డర్ ఎటు వెళ్తే మార్పులూ అటే.

మనం చేయాల్సిందల్లా ఒక పద్ధతి పాటించడమే. ఫోల్డర్‌కి ‘2025-02-16 అక్క పెళ్లి’ అన్నట్టు ఏడాది, నెల, తేదీ వరుసలో పేరు పెడితే అన్నీ కాలక్రమంలో వాటంతటవే అమరిపోతాయి. మసకగా వచ్చినవీ, కళ్లు మూసుకున్నవీ ముందే తీసేసి, మిగిలినవే దిద్దండి. పూర్తయినవాటిని ‘ఆల్బమ్’ అనే లోపలి ఫోల్డర్‌లో జేపెగ్‌లుగా దాచండి. చివరగా మొత్తాన్నీ విడి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయండి.

పదేళ్ల తరవాత ఆ సాఫ్ట్‌వేర్ లేకపోయినా బెంగలేదు. ఫోల్డర్ పేరు చదివి అమ్మమ్మ కూడా ఆల్బమ్ తెరిచేస్తుంది!