మేనకోడలు దిద్దిన ఉత్తరం

తెలుగు పంతులుకు ఇంగ్లీషు వర్ణనలతో ఏం పని అని మీరు అడగవచ్చు. మొన్న దసరా వరకు నేనూ అలాగే అనుకొన్నాను.

సెలవులకు అక్కయ్య ఇంటికి వెళ్ళాను. మా మేనకోడలికి అమెరికా సంబంధం ఒకటి వచ్చి ఉన్నది. పిల్లవాడు అక్కడే పుట్టి పెరిగాడు; తెలుగు మాట్లాడతాడు గాని చదవలేడు. అమ్మాయిని గురించి నాలుగు మాటలు ఇంగ్లీషులో వ్రాసి పంపమన్నారు. "కాలేజీలో పాఠాలు చెబుతావు, ఈపాటి వ్రాయలేవురా?" అన్నది అక్కయ్య. వ్రాయలేనని ఎలా అనను? అరగంటలో పేజీ నింపాను.

ఆ కాగితం ముందుగా అమ్మాయి చేతిలోనే పడింది. చదువుతూ చదువుతూ రెండుచోట్ల నవ్వింది. మూడోచోట ఆగిపోయింది. ముఖం చిన్నబోయింది.

"మామయ్యా! నేను అనాకారినని వాళ్ళకు వ్రాశారేమిటి?" అన్నది.

నా గుండె ఝల్లుమన్నది. నేను వ్రాసింది "షి ఈజ్ ఎ వెరీ హోమ్లీ గర్ల్" అని. ఇంటిపట్టున అణకువగా మసలుకొనే పిల్ల అని నా భావం. మన దేశపు పెళ్ళి ప్రకటనలలో ఆ మాటకు అదే అర్థం. ఇంగ్లండులో అయితే ఆడంబరం లేనిది, సొంత ఇంటిలా హాయిగా ఉండేది అని. అమెరికాలో మాత్రం ఒక మనిషిని ఆ మాట అంటే, చూడటానికి బాగుండదని చెప్పినట్లే! "హోమ్" లోనుంచి పుట్టిన మాటే గదా అని నేను ధైర్యం చేశాను. మాట పుట్టుక వేరు, వాడుక వేరు అని ఏటేటా క్లాసులో చెప్పేవాణ్ణి నేనే. మన పాత కావ్యాలలో కంపు అంటే సువాసన కూడా. ఇవాళ ఎవరి జడలోని మల్లెపూలనైనా కంపు కొడుతున్నాయని అని చూడండి, ఏమవుతుందో!

ఇక అమ్మాయి నవ్విన చోట్లు. మొదటిది: "షి ఈజ్ హావింగ్ లాంగ్ హెయిర్స్." ఇందులో తప్పులు రెండు. హెయిర్స్ అంటే విడివిడిగా లెక్కపెట్టే వెంట్రుకలు. చారులో పడ్డవి రెండు హెయిర్స్; తలమీద ఉన్న జుట్టంతా కలిపి ఉత్త హెయిర్. మనకు జుట్టు, వెంట్రుక అని రెండు మాటలున్నాయి. ఇంగ్లీషువాడు ఒక్క మాటతోనే రెండు పనులూ జరుపుకొంటాడు. రెండో తప్పు ఈజ్ హావింగ్. కలిగి ఉండటం, తెలిసి ఉండటం, పోలి ఉండటం జరుగుతున్న పనులు కావు, స్థితులు. అటువంటి క్రియలకు మామూలుగా "ఇంగ్" తగిలించరు. "షి హాజ్ లాంగ్ హెయిర్" అంటే చాలు. ఆ మాటకు వస్తే తెలుగులోనూ "ఆమెకు పొడుగాటి జుట్టు ఉన్నది" అంటామే గాని, "ఉంటూ ఉన్నది" అనము గదా!

రెండోచోట ఆమె సంగీతాభిరుచిని వర్ణించబోయాను. పాటలో పడితే పొయ్యిమీద పాలు కూడా కనిపించవని చెప్పాలని, "సింగింగ్ ఇన్ ది కిచెన్, ది మిల్క్ బాయిల్డ్ ఓవర్" అన్నాను.

"పాడింది పాలా మామయ్యా?" అన్నది అమ్మాయి.

నిజమే. పాడినది ఎవరో నేను చెప్పలేదు. అప్పుడు ఇంగ్లీషు వాక్యంలో ఆ పాట వెనువెంటనే వచ్చిన కర్తకు, అంటే పాలకు, అంటుకొంటుంది. 1858లో అచ్చయిన చిన్నయసూరి బాలవ్యాకరణాన్ని పదిహేనేళ్ళుగా పిల్లలకు బోధిస్తున్నాను. "పాడుతూ పాలు పొంగాయి" అని ఏ విద్యార్థి వ్రాసినా ఎర్రసిరాతో కొట్టివేసేవాణ్ణి. "అమ్మాయి పాడుతూ ఉండగా పాలు పొంగాయి" అనాలి. ఇంగ్లీషులోనూ అంతే: "వైల్ షి వజ్ సింగింగ్" అని కర్తను చెబితే పాలు ఊరుకొంటాయి.

సరే, హోమ్లీ బదులు ఏం వ్రాయాలి? అమ్మాయి తన నిఘంటువు తెచ్చింది. హార్న్‌బీ, మరి ఇద్దరు కలిసి కూర్చినది. 1942లో టోక్యోలో మొదట అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్‌వారు వేశారు, అప్పటినుంచి మార్పులతో వస్తూనే ఉన్నది. ఇంగ్లీషు మాతృభాష కానివారి కోసం చేసిన పుస్తకం గనుక ఏ మాటను లెక్కపెట్టవచ్చో, ఏది ఏ దేశపు వాడుకో అందులో చెబుతారు. హోమ్లీకి అమెరికా అర్థం అక్కడే ఉన్నది. నాకు కావలసిన మాట మాత్రం దొరకలేదు.

"నేనేం చేస్తుంటే చూసి ఆ మాట వ్రాశారు?" అని అడిగింది అమ్మాయి.

ఆలోచించాను. మా అమ్మకు చూపు మందగించింది. వారపత్రిక రాగానే ఈ పిల్ల పక్కన కూర్చుని సీరియల్ చదివి వినిపిస్తుంది. మధ్యలో అమ్మ కునుకు తీస్తే ఆపి, లేచాక ఆ వాక్యం నుంచే అందుకొంటుంది.

అదే వ్రాశాము. "షి రీడ్స్ ది వీక్లీ సీరియల్ టు హర్ గ్రాండ్‌మదర్." వారం వారం జరిగే అలవాటు గనుక రీడ్స్. పొగడ్త మాట ఒక్కటీ లేదు. అయినా పిల్ల కళ్ళకు కట్టింది. చూసినది చెప్పకుండా మెచ్చుకోలు మాట కోసం వెతికినందువల్లనే నేను బోల్తాపడ్డాను.

పదిరోజులకు జవాబు వచ్చింది. పిల్లవాడు రంగు అడగలేదు, ఎత్తు అడగలేదు. సీరియల్‌లో తరువాత ఏమయిందని అడిగాడు.

దానికి జవాబు అమ్మాయే వ్రాసుకొన్నది. నన్ను దిద్దిపెట్టమని అడగలేదు.