పాత్ర రూపం, పాత్ర స్వభావం: హాస్య, అద్భుత కథల్లో శరీరం చేసే పని

నాటకంలోని నాలుగు అభినయాల గురించి, అంటే ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం గురించి, మీరు ఇంతకుముందు పాఠంలో చదివారు. వేషం, రంగు, నగలు, కిరీటం ఆహార్యం కిందికి వస్తాయి. పాత్ర నోరు విప్పకముందే మనకు కనబడేది అదే. ఈ పాఠంలో ఒకే ప్రశ్న తీసుకుందాం. హాస్యం, అద్భుతం కలిసిన కథల్లో పాత్రకున్న శరీరం దాని వ్యక్తిత్వాన్ని ఎంతవరకు నిర్ణయిస్తుంది? ప్రేక్షకుణ్ణి కట్టిపడేసే ఆకర్షణ ఆ శరీరంలోనే ఉంటుందా?

భరతుడి నాట్యశాస్త్రం వికృతమైన వేషాన్నీ అలంకారాన్నీ హాస్యరసానికి కారణాలుగా చెప్పింది. విదూషకుడు పొట్టివాడు, ఎత్తుపళ్లవాడు, గూనివాడు, బట్టతలవాడు అని వర్ణించింది. ఇది చదివితే నవ్వు శరీర లోపం నుంచే పుడుతుందని అనిపిస్తుంది. తొందరపడకండి. సంస్కృత నాటకాల్లో ఆ విదూషకుడే రాజుకు ఆప్తమిత్రుడు. ఇతరులు అనలేని మాట రాజు ముఖం మీదే అనగలిగేది అతడే. అతడి రూపం చూసి రాజు భయపడడు, అసూయపడడు. కాబట్టి అతడి నాలుకకు అడ్డు లేదు. తోలుబొమ్మలాటలో కేతిగాడిదీ ఇదే పద్ధతి. ఆజానుబాహువులైన రాముడు, రావణుడి బొమ్మల మధ్యకు ఆ చిన్న బొమ్మ దూరి కథను ఆపేస్తుంది, ఊరి సంగతులు మాట్లాడుతుంది. రూపం అతడికి ఒక అనుమతి మాత్రమే ఇచ్చింది. దాన్ని అతడెలా వాడుకున్నాడన్నదే వ్యక్తిత్వం.

ఇప్పుడు మీ అందరికీ తెలిసిన పాత్రకు వద్దాం. ఘటోత్కచుడి పేరే రూపాన్ని బట్టి వచ్చింది. ఘటం అంటే కుండ, ఉత్కచుడు అంటే జుట్టు లేనివాడు. కుండలాంటి బోడి తల ఉన్నందువల్ల ఆ పేరు పెట్టారని భారత కథ. 1957లో విజయా సంస్థ తీసిన మాయాబజార్‌లో ఎస్.వి. రంగారావు ఈ పాత్రకు కిరీటం, గద, భారీ విగ్రహం, గుండెల్లోంచి వచ్చే నవ్వు ఇచ్చారు. దర్శకుడు కె.వి. రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు. ఆ శరీరాన్ని చూడగానే మనం క్రూరత్వం కోసం ఎదురుచూస్తాం. కానీ ఏం జరుగుతుంది? తల్లి మాటంటే అతడికి శిరోధార్యం. తాను ఎదిరించినవాడు తన తమ్ముడు అభిమన్యుడేనని తెలియగానే కరిగిపోతాడు. సేవకుడు ఒకడు కొత్త మాట పుట్టిస్తే తప్పు పట్టడు, బహుమానం ఇప్పిస్తాడు. పెళ్లివారి కోసం వండిన వంటల ముందు మాత్రం పసిపిల్లవాడైపోతాడు. కొండంత శరీరానికీ పసి మనసుకూ మధ్య ఉన్న దూరమే అతడి ఆకర్షణ. అతడు తన శరీరాన్ని చూసి సిగ్గుపడడు, దాన్ని అదే పనిగా ప్రదర్శించడు కూడా. అందులో హాయిగా ఉంటాడు.

దీన్ని పరీక్షించడానికి ఆ చిత్రమే మనకొక ప్రయోగం చేసిపెట్టింది. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరిస్తాడు. శరీరం సావిత్రిది, స్వభావం రాక్షసుడిది. ఎవరూ లేనప్పుడు నడకలో మగతనం, ఎవరైనా వస్తే కొత్త పెళ్లికూతురి సిగ్గు. పెళ్లి పాటలో పి. సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు రావడం గమనించండి. రూపమే వ్యక్తిత్వాన్ని నిర్ణయించేదైతే ఆ సన్నివేశాలు పండేవి కావు. శరీరం పూర్తిగా మారిపోయినా మనం ఒక్క క్షణం కూడా ఘటోత్కచుణ్ణి మరిచిపోం. అదే పెళ్లిలో వరుడు లక్ష్మణకుమారుడు. రేలంగి వేసిన ఈ రాకుమారుడికి పట్టుబట్టలు, నగలు, కిరీటం అన్నీ ఉన్నాయి, ఆకర్షణ తప్ప. తాను అందగాణ్ణనీ వీరుణ్ణనీ నమ్మడమే అతణ్ణి నవ్వులపాలు చేస్తుంది. రాక్షసుడికి గౌరవం, రాకుమారుడికి ఎగతాళి! పింగళి వారి చమత్కారం అక్కడుంది.

యముడి విషయం క్లుప్తంగా చూద్దాం. యమగోల (1977), యమలీల (1994) రెండింటిలోనూ కైకాల సత్యనారాయణే యముడు. యమలోకంలో భయపెట్టిన ఆ మీసం, కిరీటం, గద మన వీధుల్లోకి రాగానే వింతగా కనబడతాయి. రూపం మారలేదు, చుట్టూ ఉన్న లోకం మారింది. అంటే రూపానికి ఉన్న బలంలో చాలా భాగం చూసేవాళ్లు ఇచ్చినదే.

ఈ మాట నాకు పుస్తకాల కంటే ముందు నెల్లికుదురు వైపు ఊళ్లలో చిందు భాగోతం నేర్పింది. చిందువారు దళితుల్లో ఒక ఉపకులం. ఊళ్ల మీద మిరాశీ హక్కుతో తరతరాలుగా యక్షగానాలు ఆడుతున్నారు. జనగామ జిల్లాకు చెందిన చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. నా చిన్నప్పుడు పగలు మా అరుగుకు దూరంగా నిలబడి వడ్లు అడిగిన మనిషే, రాత్రి ముఖానికి అర్దళం పూసుకొని, కిరీటం పెట్టుకొని వస్తే పెద్దవాళ్లు చేతులు జోడించారు. హాస్యగాడు బుడ్డర్‌ఖాన్ అయితే దొర నడకను దొర ముందే నడిచి చూపించాడు. దొర కూడా నవ్వాడు. తెల్లారాక మళ్లీ ఎవరి దూరం వారిదే. ఒక్క రాత్రిలో ఆ మనిషి శరీరం మారలేదు కదా? మేం చూసే చూపు మారింది, మళ్లీ పాతదైపోయింది.

అందుకే నాకొక అభ్యంతరం ఉంది. నల్లగా ఉన్నాడు, లావుగా ఉంది, నత్తి ఉంది అన్నదే నవ్వుకు మొత్తం సరుకైనప్పుడు ఆ పాత్రకు స్వభావమే మిగలదు. అతడు ఏం కోరుకుంటున్నాడో, ఎవరిని ప్రేమిస్తున్నాడో రచయిత ఆలోచించి ఉండడు. మాయాబజార్‌లో చిన్నమయ్యగా రమణారెడ్డి బక్కపలచని దేహం చూసి మనం నవ్వుతాం. కానీ అతడు మాయలు నేర్పే గురువు, శిష్యుల ముందు అతడికో దర్జా ఉంది. ఈ తేడా పట్టుకోండి.

అభ్యాసం: మీరు చూసిన హాస్య, అద్భుత కథల నుంచి ఒక పాత్రను ఎంచుకోండి. దాని రూపాన్ని ఐదు వాక్యాల్లో వర్ణించండి. తరువాత, ఆ శరీరాన్ని మరో పాత్రకు ఇచ్చినా చెదరకుండా మిగిలే స్వభావ లక్షణాలు రాయండి. ఏమీ మిగలకపోతే, ఎందుకు మిగలలేదో ఒక పేరాలో వివరించండి.