మందు మానిన మూడో రోజు

గుంటూరు నుంచి నంద్యాల వైపు రైలెక్కితే వినుకొండ దాటాక కురిచేడు వస్తుంది. ఆ తర్వాత దొనకొండ, మార్కాపురం రోడ్డు, మన కంభం. 2020 జులై ఆఖర్లో ఆ కురిచేడులో పదిమందికి పైగా శానిటైజరు తాగి చనిపోయారు. కరోనా కట్టడిలో మద్యం దుకాణాలు మూసేశారు. శానిటైజరు మాత్రం దొరికింది.

‘ఇదేం కక్కుర్తి!’ అన్నారు చాలామంది. కక్కుర్తే అయితే తిట్టి ఊరుకోవచ్చు. రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా మందు ఆగితే తలలో జరిగేది వేరు.

కంభం చెరువునే చూడండి. గుండ్లకమ్మ నీళ్లు వచ్చిపడతాయి, కట్ట ఆపుతుంది. మెదడులో గ్లుటమేట్ అనే రసాయనం ఆ ప్రవాహం, గాబా అనే రసాయనం ఆ కట్ట. మద్యం కట్టను ఎత్తు చేసి ప్రవాహాన్ని తగ్గిస్తుంది. అందుకే ఒళ్లు తేలికవుతుంది, నాలుక తడబడుతుంది. ఏళ్ల తరబడి ఇదే తంతైతే మెదడు ఊరుకోదు. తన కట్టను తానే తగ్గించుకుని, ప్రవాహాన్ని పెంచుకుంటుంది. ఇక తాగితేనే మనిషి మామూలుగా ఉంటాడు. అప్పుడు సీసా లాగేస్తే కట్ట లేదు, వరద మాత్రం ఉంది. మొదటి రోజే వణుకు, చెమటలు. రెండు రోజుల్లోపు మూర్ఛ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి. వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చు.

తెలుగులో మందంటే సారాయీ, మాత్రా రెండూ. భాష తెలివిగానే ఉంది. నిద్రకూ ఆందోళనకూ రాసే అల్ప్రాజోలం పట్టుకునేదీ ఆ గాబానే. 2015లో నిజామాబాద్ ప్రాంతంలో కల్తీ కల్లును అరికట్టగానే తాగేవాళ్లు వణుకుతూ, వింతగా ప్రవర్తిస్తూ ఆస్పత్రులకు చేరారు. వాళ్ల ఒంటికి అలవాటైంది కల్లుకన్నా అందులో కలిపిన ఇలాంటి మత్తుమందు. పాత చీటీతో ఏళ్లుగా నిద్రమాత్ర తెచ్చుకునే పెద్దమ్మను ఎవరూ తాగుబోతు అనరు. ఆమె మెదడూ అదే లెక్క వేసుకుని ఉంటుంది. హఠాత్తుగా మానితే ఆమెకూ మూర్ఛ రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మోతాదును కొద్దికొద్దిగా, వారాల తరబడి దించాలి.

చిత్రమేమిటంటే, మద్యం మాన్పించడానికి ఆస్పత్రిలో ఇచ్చేది ఆ నిద్రమాత్రల కుటుంబమే. కొలిచి ఇస్తారు, రోజురోజుకీ తగ్గిస్తారు, బి1 విటమిన్ ఎక్కిస్తారు. వారం పది రోజుల్లో ఒళ్లు కుదుటపడుతుంది. మనసుకు మాత్రం నెలలు పడుతుంది. జీతం రోజు, పాత సావాసం, దుకాణమున్న సందు, వీటిలో ఏదైనా చాలు నోరూరడానికి. మళ్లీ తాగితే ‘వీడింతే’ అని చికిత్స ఆపేయడం, షుగరు పెరిగిందని మాత్రలు ఆపేసినట్టుంటుంది. నాల్ట్రెక్సోన్ లాంటి మాత్రలు ఆ యావను తగ్గిస్తాయి. 14446కి ఫోన్ చేస్తే ఉచితంగా సలహా దొరుకుతుంది. 2019లో వెలువడిన ఎయిమ్స్ సర్వే ప్రకారం, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది.

బండి మీంచి పడి కాలు విరిగినవాణ్ణి ఆస్పత్రిలో చేరుస్తారు. తాగుతాడా అని డాక్టరు అడిగితే ఇంటావిడ సిగ్గుపడి ‘అబ్బే, లేదండీ’ అంటుంది. మూడో రోజు రాత్రి అతను మంచం మీంచి లేచి, గోడ మీద లేని చీమలను దులుపుతుంటాడు.