పొదుగువాపు



నా చిన్ననాట మా యింట నొక కపిల యావు ఉండెడిది. దానిని పితుకు పని నాది. ఒకనాటి యుదయమున దాని పొదుగు ఒక ప్రక్క వాచి, రాయివలె గట్టిపడెను. ఆ చన్నునుండి పాలకు మారుగా నీళ్లును, విరుగుడు తునకలును వచ్చెను. ముందునాడు ఎదురింటి అవ్వ దూడను ముద్దాడి పోయినందున, ఆమె దిష్టియే తగిలినదని మావారందరును నిశ్చయించిరి. ఆ చన్ను మరల పాలీయలేదు. ఆ యవ్వయు మరల మా గడప త్రొక్కలేదు.

పొదుగువాపును కలిగించు సూక్ష్మజీవులు పెక్కు గలవు. వానిలో మిక్కిలి మొండివానిలో నొకటి స్టాఫిలోకాకస్ ఆరియస్. సూక్ష్మదర్శినిలో ద్రాక్షగుత్తివలె కనబడుటచే 1882లో ఆగ్‌స్టన్ అను స్కాట్లండు వైద్యుడు స్టాఫిలోకాకస్ అను పేరు పెట్టెను. బంగారు వన్నెనుబట్టి 1884లో రోజెన్‌బాక్ అను జర్మను వైద్యుడు ఆరియస్ అను మాటను చేర్చెను.

ఈ క్రిమి పొదుగులో నెట్లు నిలువగలుగుచున్నది? దాని జన్యువులలో కొన్ని దాని యాయుధశాల యని చెప్పవచ్చును. కొన్ని జన్యువులు అంటుకొను స్వభావముగల మాంసకృత్తులను తయారుచేయించును. వాని బలముచే క్రిమి పొదుగు లోపలి కణములను పట్టుకొని, పాలధారతో కొట్టుకొనిపోక నిలుచును. వేరొక జన్యువు లూకోసిడిన్ అను విషమును పుట్టించును. అది పొదుగును కాపాడ వచ్చిన తెల్లరక్తకణములకు రంధ్రములు పొడిచి చంపును. ఆవులనుండి దొరకిన కొన్ని తెగలలో ఇట్టి విషపు జన్యువు, సూక్ష్మజీవులను పట్టు వైరసు వెంట వచ్చి చేరినది. మరియొక జన్యువు పెనిసిలినును విరుగగొట్టు ఎంజైమును చేయించును. కావుననే పేరొక్కటియే యైనను క్రిములన్నియు సమానముగా క్రూరములు కావు. ఒక యావునకు కుదిర్చిన మందు వేరొక దానికి పనిచేయకపోవచ్చును.

ఈ వ్యాధి వాపు లేకయు దాగియుండును. దానిని పట్టుటకు 1957లో అమెరికాలో షాల్మ్, నూర్లాండర్ అనువా రొక సులభమైన పరీక్షను ప్రకటించిరి. ఒక్కొక్క చన్ను పాలలో సబ్బువంటి ద్రావకమును కలిపినచో, అందలి తెల్లకణములు పగిలి, వాని జన్యుపదార్థము వెలువడి, పాలు జిగటగా చిక్కబడును. చిక్కబడిన కొలది వ్యాధి యెక్కువయని తెలియవలెను.

ఇక నివారణము. ఈ క్రిమి ముఖ్యముగా పితుకువాని చేతులవలనను, తుడుచు గుడ్డవలనను ఒక పశువునుండి వేరొక పశువునకు ప్రాకును. కావున చేతులు కడుగుకొనవలెను. ఒక్కొక్క పశువునకు వేరు గుడ్డ వాడవలెను. జబ్బుదానిని కడపట పితుకవలెను. పితికిన పిమ్మట చనుమొనలను అయొడిను మందులో ముంచవలెను. చన్ను రంధ్రము వెంటనే మూసికొనదు, అరగంటయైనను తెరచియుండును. అప్పుడు ముందు మేత వేసినచో ఆవు బురదలో పండుకొనక నిలుచును. పశువైద్యుడు చెప్పిన మందును మధ్యలో మానరాదు. ఆయన విధించిన గడువు దీరువరకు ఆ పాల నమ్మరాదు.

ఆ దినములలో నేను పొరుగువారి పాడి పశువులను గూడ పితికి, చేతులు కడుగకయే మా దొడ్డికి వచ్చుచుంటిని. మా కపిలకు తగిలినది ఆ యవ్వ చూపు కాదు. తగిలినవి నా చేతులే కావచ్చును. ఈ మాట యామెతో చెప్పుట కామె నేడు లేదు. అందుచే మీతో చెప్పితిని.